ఒకటో తారీఖు ఓటుకు పనికిరాదు

2019 ఫిబ్రవరి 26న ఏం జరిగింది? కరీంనగర్ టవర్ సర్కిల్‌లో చాయ్ తాగేవాళ్లలో ఎవరినడిగినా చెప్తారు. బాలాకోట్. మిరాజ్-2000 విమానాలు సరిహద్దు దాటి బాంబులు వేసి వచ్చాయి. శభాష్. మరి అదే నెల ఒకటో తారీఖున ఏమైంది? చెప్పండి. గంత ఆలోచిస్తరేంది?

ఆ రోజు కూలింది కూడా మిరాజే. బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో. కొత్త హంగులు దిద్దిన రెండు సీట్ల విమానాన్ని వైమానిక దళం స్వీకరించే ముందు ఎగరేసి చూస్తున్నారు. లేవబోయింది. కూలింది. నడుపుతున్నది స్క్వాడ్రన్ లీడర్లు సమీర్ అబ్రోల్, సిద్ధార్థ్ నేగి. యంత్రంలో తేడా ఉంటే పట్టుకోవడమే ఇద్దరి ఉద్యోగం. సీట్లతో సహా బయటపడే మీట లాగారు. అయినా దక్కలేదు.

యుద్ధం లేదు. శత్రువు లేడు. రన్‌వే మనది, కర్మాగారం మనది, కాగితాల మీద సంతకాలూ మనవే. విచారణకు ఆదేశించారు. ఆదేశించడంలో మనవాళ్లను మించినోళ్లు లేరు. ఆ విచారణలో ఏం తేలిందో ఏ నాయకుడైనా మీ ఊరి సభలో మైకు పట్టుకుని చెప్పాడా?

ఆ ఉదయమే ఢిల్లీలో ఇంకో ముచ్చట నడిచింది. మధ్యంతర బడ్జెట్. రక్షణ పద్దు మొదటిసారి మూడు లక్షల కోట్లు దాటుతోందని అప్పుడు ఆర్థిక శాఖ చూస్తున్న పీయూష్ గోయల్ లోక్‌సభలో ప్రకటించారు. బల్లలు మోగాయి. ఒకే రోజు, ఒకే దేశం. అక్కడ పొగ, ఇక్కడ చప్పట్లు. మిరాజ్‌లను ఆధునికీకరించే ఒప్పందం కుదిరింది 2011లో, అంటే వేరే పార్టీ హయాంలో. కాబట్టి ప్రతిపక్షం మరీ అంత అమాయకంగా మొహం పెట్టనక్కర్లేదు. బాలాకోట్‌లో ఎంతమంది చచ్చారో రుజువులు చూపమని అడిగినవాళ్లు, బెంగళూరులో ఇద్దరు ఎందుకు చచ్చారో అంత గొంతెత్తి అడిగారా?

ఏప్రిల్ 9న లాతూర్ జిల్లా ఔసా సభలో ప్రధాని కొత్త ఓటర్లను అడిగారు: మీ మొదటి ఓటును బాలాకోట్ దాడి చేసిన వీరులకు అంకితం చేయగలరా అని. ఎన్నికల సంఘం పరిశీలించి, ఇందులో తప్పేం లేదంది. ఆ సభ అయిన రెండు రోజులకే మన దగ్గర పోలింగ్. కరీంనగర్, ఆదిలాబాద్ రెండు సీట్లూ కమలానికే దక్కాయి. ఓటు మీది, మీ ఇష్టం. నా అనుమానం వేరు. గురి తగిలిన మిరాజ్‌కు ఓటు అడిగినవాళ్లు, నేలకూలిన మిరాజ్‌కు జవాబు చెప్పాలా వద్దా? గెలిస్తే మా మిరాజ్, కూలితే ఎవరి మిరాజ్?

ఇంకో తారీఖు కూడా ఉంది. ఫిబ్రవరి 27. శ్రీనగర్ పక్కన బుద్గాంలో మన క్షిపణే మన హెలికాప్టర్‌ను కూల్చింది. వైమానిక దళం వాళ్లు ఆరుగురు, కింద ఒక పౌరుడు పోయారు. అది మా పెద్ద తప్పేనని దళాధిపతి బహిరంగంగా ఒప్పుకున్నది అక్టోబర్‌లో. ఎన్నికల ఫలితాలు మేలోనే వచ్చేశాయి. తొందరేముంది మరి!

ఢిల్లీని తిడితే మనకు కడుపు చల్లగా ఉంటుంది. ఇంటికొద్దాం. ఆదిలాబాద్ పోయే 44వ నంబర్ రహదారి మీదే తూప్రాన్. 2023 డిసెంబర్ 4న దుండిగల్ వైమానిక దళ అకాడమీ శిక్షణ విమానం ఆ ప్రాంతంలో కూలింది. శిక్షకుడు, శిష్యుడు ఇద్దరూ పోయారు. ముందురోజే అసెంబ్లీ ఫలితాలు. ముఖ్యమంత్రి ఎవరన్న ముచ్చటతో టీవీలు ఊగిపోతున్నాయి. ఏ హోటల్లో ఏ ఎమ్మెల్యే ఉన్నాడో నిమిషనిమిషానికి చెప్పిన యాంకరమ్మలకు తూప్రాన్ పొలాలు కింద స్క్రోలింగ్‌కే సరిపోయాయి. పార్టీ మారుతుంది, సర్కారు మారుతుంది. స్క్రోలింగ్ మారదు.

ఇక మన రన్‌వేలు. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటిది ఒకటి. పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్‌లో ఇంకోటి. ఎన్నికలొస్తే రెండింటి మీదా హామీలు దిగుతాయి. విమానం మాత్రం దిగదు. ఆదిలాబాద్‌కు ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ వస్తదన్నరు. ఏదీ? 2025లో అక్కడ పౌర విమానాలకూ వైమానిక దళం సరేనంది. భూమి, సర్వే, ఫైలు, మళ్లీ ఫైలు. ఆ అనుమతి మావల్లే వచ్చిందంటే మావల్లేనని ఫ్లెక్సీల మీద దండాలు. గడ్డి మొలిచిన రన్‌వేకు ఇంతమంది కన్నతండ్రులా!

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. విమానమే లేనిచోట టేకాఫ్ ప్రమాదం జరగదు. ఆ లెక్కన దేశంలో ఆదిలాబాద్‌ను మించిన భద్రమైన ఎయిర్‌పోర్టు లేదు. దీన్ని ఏ పార్టీ తన ఖాతాలో వేసుకుంటుందో చూడాలి. ఫ్లెక్సీకి ఆర్డర్ ఇప్పటికే పోయి ఉంటుంది.