మెట్రొ దిగిన వాఁడు: టీకా తాత్పర్య సహితము

మాదాపురములోని యొక కార్యాలయమున, వైటుబోర్డుపై అజ్ఞాతకవి యొకఁడు వ్రాసిపోయిన యీ పద్యమునకు, వ్యాఖ్యాత మల్లినాథసూరి యూరని చెప్పెడి మెదకుసీమ కొల్చారము మఱీ దూరము కాకుండఁగా, వ్యాఖ్య లేకుండుట ప్రాంతమునకే చిన్నతనమని యెంచి సాహసించితిని.

మెట్రొ దిగిన వాఁడు మీటింగు కందక
లిఫ్టు ముందు నిలిచి లేటు చేసె
బాసు పిలిచి యడుగ భయమున నిట్లనె
వాన పడెను సారు వరద వచ్చె

టీక: మీటింగు కందక = నిలుచుండియే ముగింపవలసినదై, ఎన్నఁడును ముగియని స్టాండప్పు సభను చేరలేక; లిఫ్టు ముందు నిలిచి = ఎక్కి యని కాక నిలిచి యనుటచే, నిండిన లిఫ్టులు పెక్కు దాటిపోయెనని ధ్వని. తక్కినది స్పష్టము.

కవికాలము: సైబర్ టవర్స్ 1998లోనే వెలసినను, హైటెక్ సిటీ స్టేషనులో దిగుట 2019 మార్చి 20కి పూర్వ మసంభవము గనుక, కవి యర్వాచీనుఁడే.

ఛందస్సు: వేమన చేతిలో ఊరూర తిరిగిన ఆటవెలది, బేసిపాదములకు మూఁడు సూర్యగణములు, రెండింద్రగణములు, సరిపాదములకు ఐదును సూర్యగణములే. ఉకారము తగిలింపఁగానే లిఫ్టు, లేటు, బాసు అను పరదేశిపదములు గలములై సూర్యస్థానములలో వినయముగాఁ గూర్చున్నవి; మీటింగు మాత్రము తగణమై, తన యధికారమునకుఁ దగినట్లు ఇంద్రస్థానమే యెక్కినది. మె-మీ, లి-లే, బా-భ, వా-వ యని యతి నాలుగుచోట్లను నిర్దుష్టము. ఇఁక మెట్రో యను పదము రెండు గురువులై లొంగనందున కవి దానిని 'మెట్రొ' యని కుదించుట దోషమందురు కొందఱు. తలుపులు మూసికొనుచుండఁగా దాని పేరును అంతకన్న దీర్ఘముగాఁ బలుకు తీరిక యెవరికున్నది?

అలంకారము వ్యాజోక్తి, అసలు కారణమును వేఱొక కారణముతోఁ గప్పుట. అయితే స్తంభములపైఁ బరుగిడు బండికి వీథిలోని వరద యెట్లు తగులునని యాక్షేపము. సమాధానమేమన, వచ్చినది మెట్రోలోనని పాఠకునికిఁ దెలియును గాని బాసునకుఁ దెలియదు. ఆయన కారులో వచ్చువాఁడు, వాన కురిసిననాఁడు శిల్పారామము కడ నీటిలో నిలుచువాఁడు. కావుననే 'సారు' అనునది గణపూరణమునకు మాత్రమే వేసినది కాదు. నీకును తెలిసిన కష్టమే గదా యని యందు సానుభూతి ప్రార్థన కలదు.

ఆనాఁడు వాన పడెనో లేదో నిర్ణయింపఁ దగిన పద్యము దీనిక్రింద నుండియుండును. ఆ చోటున నెవరో స్ప్రింటు పట్టిక గీసిపోయిరి.