సాహిత్యం లేదట!

చాట్రాయి మండలంలో మామిడి కోతలూ పెళ్లిళ్లూ ఒకే ఎండలో వచ్చిపడతాయి. ఊరేగింపు ముందు ట్రాక్టర్ ట్రాలీ, దాని మీద మనిషి ఎత్తు డీజే బాక్సులు, ముందు కుర్రకారు చిందులు, అరుగుల మీద పెద్దల తీర్పులు. పాట మారుతుంటుంది గానీ తీర్పు మారదు: "బీటు అదిరింది, సాహిత్యం లేదు." చనుబండలోనూ ఇదే మాట, విస్సన్నపేటలోనూ ఇదే మాట, హైదరాబాదు టీవీ స్టూడియోలో కండువా వేసుకుని కూర్చున్న విశ్లేషకుడిదీ ఇదే మాట. పాట ర్యాప్ అయితే "అది పాటా, వాగుడా?" అనే మూడో ముక్క కలుస్తుంది. ఈ తీర్పులో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, చెప్పడానికి పాట వినక్కర్లేదు. పూత మీద తోట కొనే వ్యాపారి సైతం చెట్టు చెట్టుకూ తిరిగి, కొమ్మ వంచి చూసి, మంచు లెక్కా తేనెమంచు పురుగు లెక్కా వేసుకుని గానీ ధర చెప్పడు. లెక్క తప్పితే మునిగేది తనే కదా! పాట మీద తీర్పు చెప్పేవాడికి ఆ బెంగ లేదు. తప్పినా పోయేది కవి పరువే.

ముందు ఆ డీజే పెట్టెల సంగతి చూద్దాం. మాటను మాటగా నిలబెట్టేవి హల్లులు. త కీ ట కీ, ద కీ డ కీ, స కీ శ కీ తేడా తెలిపే సన్నని ధ్వనులు ఎక్కువగా రెండు వేల హెర్ట్జ్‌కి పైనే ఉంటాయి. ఊరేగింపు పెట్టెలు గుండెల్లో గుద్దేది వంద హెర్ట్జ్‌కి కిందున్న మోతని. కింది మోత పెరిగేకొద్దీ పైనున్న హల్లులు మరుగున పడతాయి, చెవికి అచ్చుల సాగదీత మాత్రం మిగులుతుంది. ఆపరేటరు బాస్ మీట తిప్పి చరణాన్ని మింగించేస్తాడు, అరుగు మీద పెద్దమనిషి చరణమే లేదని ప్రకటిస్తాడు. దీపం ఆర్పేసి చిత్రలేఖనంలో రంగులు లేవన్నట్టుంది వరస. "అంత మోతలో ఎలా వినమంటారు?" అంటారా? వినమని ఎవరూ బలవంతపెట్టలేదు. విననిదాని మీద తీర్పు చెప్పమనీ ఎవరూ బతిమాలలేదు.

అసలు బీటు ఒకటీ సాహిత్యం ఒకటీ అని ఇలా పాలూ నీళ్లూ వేరుచేసే హంసలు ఎక్కణ్నుంచి వచ్చాయో గానీ, తెలుగు కవిత్వం మాత్రం అలా పుట్టలేదు. కందపద్యం నాలుగు మాత్రల గణాలతో నడుస్తుంది, ఆ నడక తప్పితే భావం ఎంత గొప్పదైనా అది కందం కాదు. 1910లో గురజాడ ముత్యాల సరం పట్టుకొచ్చినప్పుడు తెచ్చింది కొత్త భావాలనే కాదు, మూడు నాలుగు మాత్రలు కలిసి ఊగే కొత్త నడకని కూడా. దాన్ని తబలా మీద వాయిస్తే బీటంటాం, నోటితో చదివితే ఛందస్సంటాం. ఇక ర్యాప్ మనది కాదనేవారు బుర్రకథ ఎప్పుడూ చూడనట్టే ఉన్నారు. కథకుడి చేతిలో తంబురా, వేలికి అందెలు, ఇరుపక్కలా గుమ్మెటలతో వంతలు. కథకుడు వచనాన్ని తాళం మీద దౌడు తీయిస్తుంటే ఒక వంత హాస్యం విసురుతాడు, ఇంకొకడు రాజకీయం అందుకుంటాడు. పొన్నెకల్లు షేక్ నాజర్ ఈ పనే చేసి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రకథల్లో సాహిత్యం లేదని బ్రిటిషు ప్రభుత్వం కూడా అనలేదు. ఉందని భయపడే నిషేధించింది. ర్యాపర్ రోల్ రైడా లాంటి కుర్రవాడు పతంగుల మీద తాళానికి తగ్గట్టు మాటలు విసిరితే మాత్రం సంస్కృతి గాల్లో కలిసిపోయిందట!

"పాత పాటల్లో సాహిత్యం ఉండేదండీ" అనేది తర్వాతి ఆయుధం. సరే, పాత లెక్కలే తీద్దాం. 1977లో 'అడవిరాముడు' వచ్చింది. అందులో చీరా, చిందులూ ఉన్న పాటకి జనం తెరమీద డబ్బులు విసిరితే, మర్యాదస్తులు ముక్కు విరిచారు. మూడేళ్లు తిరగకుండా 1980లో 'శంకరాభరణం' వచ్చింది, అదే మర్యాదస్తులు చేతులు జోడించారు. రెండింటికీ పాటల కవి వేటూరి, రెండింటికీ సంగీతం మహదేవన్. పైగా మహదేవన్ ముందు మాట రాయించుకుని తర్వాతే బాణీ కట్టే మనిషి. ట్యూనుకు రాయడం వల్లే సాహిత్యం చచ్చిపోయిందనే వాదం అక్కడే చతికిలపడింది. ముప్పై నలభై ఏళ్లు గడిచాక ఆ మాస్ పాటే 'పాత బంగారం' పేరిట అరుగుల మీదికి చేరి, కొత్త పాటని తిట్టడానికి సాక్ష్యం చెబుతోంది. 'మాయాబజార్'లో పింగళి నిఘంటువులో లేని మాటలు పుట్టిస్తే చమత్కారం, ఈ కాలం కవి పుట్టిస్తే అరాచకం. ఏ పాటకైనా సాహిత్యం రావాలంటే ఒక్కటే దారి: దాన్ని ఓ నలభై ఏళ్లు మాగవెయ్యాలి.

2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చినప్పుడు ఈ హంసలకు మంచి అవకాశం దొరికింది. "తెలుగు రానివాళ్లు ఓట్లేశారు, అంటే గెలిచింది బీటే" అన్నారు. తర్కం బాగానే ఉంది, కాకపోతే సగమే. తెలుగు రానివారికి అర్థం అందకపోయినా ఆ తిశ్రగతి అందింది. ఆ గతిని నోటి దగ్గర పుట్టించింది ఎవరు? పొట్టి పొట్టి ద్విత్వాక్షరాలు ఏరి, పొలం నుంచీ జాతర నుంచీ మర్రిచెట్టు నీడ నుంచీ జొన్నరొట్టె నుంచీ పోలికలు తెచ్చి అడుగు అడుగుకీ పేర్చిన చంద్రబోసే కదా? తొంభై శాతం పాట సగం రోజులో వచ్చిందనీ, మిగతా పది శాతానికి ఏడాదిన్నర పైగా పట్టిందనీ ఆయనే చెప్పుకున్నారు. లేని సాహిత్యానికి ఏడాదిన్నర ఎందుకు పట్టిందో హంసలు సెలవివ్వాలి.

ఈ జబ్బు మనకొక్కరికే అనుకోనక్కర్లేదు. అమెరికాలో ర్యాప్ పుట్టిల్లు న్యూయార్కు. అక్కడివాళ్లకి ఒకప్పుడు దక్షిణాది ర్యాప్ అంటే కారు డిక్కీలో మోగే బాస్, పొలం యాస, అంతే. మాటల పనితనం తమ సొత్తని అప్పట్లో వాళ్ల నమ్మకం. 1995 ఆగస్టులో న్యూయార్కులో జరిగిన సోర్స్ ర్యాప్ అవార్డుల సభలో అట్లాంటా జంట అవుట్‌కాస్ట్ బహుమతి తీసుకుంటుంటే జనం గేలి చేశారు. దక్షిణాదికీ చెప్పడానికి ఒకటుందని ఆ జంటలో ఒకడైన ఆండ్రే 3000 అదే వేదిక మీద చెప్పి దిగిపోయాడు. 2004లో ఆ జంట ఆల్బమే గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అయింది. ఈ మధ్యలో మారింది వాళ్ల యాస కాదు, వినేవాళ్ల చెవి. యాస చెవికి కొత్తగా ఉంటే మాట లేదనేయడం అక్కడా ఇక్కడా ఒకే బద్ధకం. మన చాట్రాయి మండలం జనార్దనవరం కుర్రాడు తన ఊరి మాటతో ర్యాప్ కడితే కూడా ముందు వినపడేది యాసే, ఆ తర్వాతే మాట.

ఖాళీ పాటలు లేవా అంటే బోలెడున్నాయి. హీరో పేరు, మందు పేరు, బుల్లెట్ బండి పేరు కలిపి మూడు నిమిషాలు తిప్పే సరుకు ఏటా గంపలకొద్దీ దిగుతోంది. వాటిని ఉతికి ఆరేయాల్సిందే. అయితే ఉతకాలంటే గుడ్డ చేతిలోకి తీసుకోవాలి గదా? ఏ పోలిక అరిగిపోయింది, ఏ ప్రాస బలవంతంగా పడింది, ఏ పంక్తి ఆడదాన్ని కించపరిచింది అని వేలు పెట్టి చూపించాలి. అలా చూపిస్తే కవికీ సిగ్గు, వినేవాడికీ లాభం. "సాహిత్యం లేదు" అనే టోకు తీర్పు మాత్రం చెత్త పాటకి వరం. మంచిదాన్నీ చెడ్డదాన్నీ ఒకే గాటన కట్టేశాక, చెమటోడ్చి రాసినవాడికి తేడా ఏం మిగులుతుంది?

అందుకని అరుగుల పెద్దలకూ స్టూడియో పండితులకూ కలిపి ఒక్క నిబంధన చాలు. సాహిత్యం లేదన్నవారు ఆ పాటలో ఏదో ఒక చరణం అప్పజెప్పి, అందులో లేనిదేమిటో చెప్పాలి. చరణం నోటికి రాకపోతే "నేను వినలేదు" అని ఊరుకోవచ్చు. మాటలు రెండే, పైగా నిజం.