భీముడి కాలి సైజెంత?

మా బామ్మర్ది కొత్త కారు కొన్నాడు. "గోవాకు అందరు పోతరు బావా, మనం మన జిల్లాలు చూద్దాం" అన్నాడు. జనగామలో మొదలుపెట్టి, మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా రెండ్రోజుల తిరుగుడు. మాకంటే ముందే రాముడూ పాండవులూ ఈ రూటంతా చుట్టేసి, ఒక్క గుట్ట కూడా వదలకుండా హాజరు వేయించుకుని వెళ్లారన్న సంగతి బయల్దేరాక గానీ తెలియలేదు.

మొదట జీడికల్, లింగాలఘనపురం మండలం. మాయలేడిని రాముడు తరుముకుంటూ వచ్చింది ఇక్కడికేనంటారు. లేడిబండ కూడా చూపిస్తారు. గుడి బాగుంది, గాలి బాగుంది. చిక్కల్లా భద్రాచలం అవతల పర్ణశాలలోనూ ఇదే లేడి ఉంది. రెండు కథలూ కలపాలంటే ఆ లేడి అక్కడ బయల్దేరి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తి జనగామ పక్కన బాణం దెబ్బ తిని ఉండాలి. అది "హా లక్ష్మణా" అని అరిచిన అరుపు సెల్‌టవరు లేకుండానే పర్ణశాలలో సీతమ్మకు వినబడి ఉండాలి. మా బామ్మర్దికి ఇవాళ్టికీ జనగామ దాటితే సిగ్నల్ సరిగ్గా రాదు.

పాలకుర్తి పక్కన వల్మిడి. అది వాల్మీకి ఊరట. ఆ దాపునే బమ్మెర. పోతన మావాడంటే మావాడని ఒంటిమిట్టతో ఈ ఊరికి ఎప్పటి నుంచో పేచీ. ఆ పేచీలోకి నేను దిగను, మా అత్తగారిది ఆ పక్కే.

దేవుళ్లతో నాకు తగాదా లేదు. నా గొడవల్లా మనతోనే. బయ్యారం చెరువే చూడండి. గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. తవ్వించి ఊరుకోకుండా కాకతీయుల వంశావళితో సహా రాతి మీద చెక్కించింది. ఎవరు చేశారు, ఎవరి కూతురు, ఎవరి చెల్లెలు, అంతా రాసి సంతకం పెట్టి ఇచ్చినట్టే. ఎనిమిది వందల ఏళ్ల నాటి రసీదు అది. మేమున్న అరగంటలో ఆ వైపు ఒక్క సెల్‌ఫోనూ లేవలేదు. (బయ్యారంలో ఇంకో వింత కూడా ఉంది గానీ అది కంటికి ఆనదు. 2014 విభజన చట్టం ఈ ప్రాంతానికి ఉక్కు కర్మాగారం సంగతి ఆరు నెలల్లో తేల్చమంది. ఆ ఆరు నెలలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.)

అక్కణ్నుంచి గూడూరు మండలంలో భీముని పాదం. పైనుంచి జలపాతం, కింద మడుగు, పాదం ఆకారంలో గుంట. ఇక్కడ మాత్రం జనమే జనం. ఉడకబెట్టిన మక్క కంకులు, తడిసిన లుంగీలు, కిందపడేసిన చిప్స్ కవర్లు. బామ్మర్ది తన తొమ్మిదో నంబరు బూటు పాదం అంచున పెట్టి ఫొటో దిగాడు. సంతకం ఉన్న రాయికి దిక్కు లేదు, కాలిగుర్తు ఉన్న రాయికి క్యూ. మనిషి చేశాడంటే మనకు ఆనదు. భీముడు తొక్కితేనే అది రాయి.

రేగొండ దగ్గర పాండవుల గుట్ట. ఆదిమానవులు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో దున్నలనీ లేళ్లనీ పులులనీ గీసిన రాతిగోడలు. ఒక చోట మెడ ఎత్తి చూస్తూ నిలబడిపోయాను. రాతి మడత నీడలో, చెయ్యి చాస్తే అందేటంత ఎత్తులో, వెలిసిన ఎర్రటి గీత. ఎవడో చేతివేలితో లాగి ఉంటాడు. నా వెనక ఒకాయన కొడుక్కి చెబుతున్నాడు: "ఇవన్నీ అర్జునుడు టైంపాస్‌కు వేసినయి రా." పక్కన గొంతెమ్మ గుహ, అంటే కుంతీదేవిది. వనవాసానికే వెళ్లని ఆవిడకి కూడా సెపరేటు గది కేటాయించామంటే మన మర్యాదే మర్యాద. గొంతెమ్మ కోరికలంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. ఇన్ని గుహల్లో కాపురాలుండి, ఇన్ని బండల మీద కాళ్లు మోపి, పదమూడేళ్లలో పాండవులకు తీరిక ఎక్కడిదో. పైగా చివరి ఏడాది అజ్ఞాతవాసం. ఊరూరా అడ్రసు చెబుతున్నారు కదా, దుర్యోధనుడి గూఢచారులు వరంగల్ బస్టాండులో ఎవరినీ అడగలేదు కాబోలు.

ఘనపురం కోటగుళ్లు ఇరవై రెండు. గణపతిదేవుడి కాలం నాటివి. ఏనుగు మీద సవారీ చేస్తున్న సగం మనిషి, సగం సింహం ఒక చెక్కడం. చెక్కినవాడి పేరు లేదు, పాండవుల పేరూ లేదు. అందుకే మేమిద్దరం, ఒక మేక.

ఇక కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముక్తేశ్వరుడి లింగానికి రంధ్రాలున్నాయి. ఎన్ని బిందెలు పోసినా నీళ్లు పైకి పొంగవు, లోలోపలే గోదావరి సంగమానికి పోతాయని నమ్మకం. నీళ్లు కిందికి పోవడం ఆ నేల మహిమేమో, మేడిగడ్డ చూశాక నాకూ నమ్మకం కుదిరింది. ఎనభై అయిదు గేట్ల బ్యారేజీ. 2019 జూన్ 21న ముగ్గురు ముఖ్యమంత్రుల సమక్షంలో మొదలైంది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. అడుగున ఇసుక కొట్టుకుపోయిందని డ్యాం భద్రతా సంస్థ వాళ్లు రాశారు. 2024 ఫిబ్రవరిలో అధికారంలో ఉన్నవాళ్లు ఎమ్మెల్యేలను బస్సుల్లో తెచ్చి చూపించారు, మార్చి 1న దిగిపోయినవాళ్లు బస్సుల్లో వచ్చి చూశారు. పుష్కరాలు వదిలేస్తే నాయకులు ఇంత భక్తిగా వచ్చిన క్షేత్రం ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

కట్టినప్పుడు ఎవరు కట్టారో చెప్పడానికి నోళ్లు చాలలేదు. కుంగాక ఎవరిని అడిగినా ఎదుటివాణ్నే చూపిస్తున్నారు. మైలాంబలా రాయి మీద ఒప్పుకునేవాళ్లు కరువయ్యారు.

"మరి ఎట్ల కుంగింది బావా?" అన్నాడు బామ్మర్ది.

"భీముడు కాలు మోపిండు" అన్నాను.

వాడు నవ్వలేదు. నది వైపు చూస్తూ ఫోన్ తీశాడు. "పాదం ఏ దిక్కు కనబడ్తది?"