కొనండి, కానీ పేల్చనివ్వకండి

మీ పదమూడేళ్ళ పిల్లాడు ఎయిర్ రైఫిల్ కావాలని అడిగితే వద్దనకండి. ఈ మాట అన్నందుకు మా వీధిలో నన్ను తిట్టని తల్లి లేదు. అయినా మళ్ళీ చెబుతున్నాను. వద్దంటే ఏమవుతుందో మా డాబా మీద చూశాను.

మావాడు ఏడో తరగతిలో ఉండగా అడిగాడు. గదమాయించాను. రెండోసారి అడిగితే నాన్నతో చెబుతానన్నాను. మూడోసారి నా దగ్గరికి రాలేదు, వాళ్ళ మావయ్య దగ్గరికి వెళ్ళాడు. సంక్రాంతికి మా తమ్ముడు వస్తూ వస్తూ పొడుగాటి అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. "మగపిల్లాడే అక్కా, ఆ మాత్రం ఆడుకోనీ. దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు" అన్నాడు. కనుమ నాడు మేమంతా భోజనాల దగ్గరుంటే పిల్లలు డాబా ఎక్కారు. నీళ్ళ ట్యాంకు కింది ఇనప స్టాండుకి కొబ్బరి చిప్ప వేలాడగట్టి గురి చూశారట. గుండు చిప్పకి తగల్లేదు. ఇనప కమ్మీకి తగిలి వెనక్కొచ్చింది. మా మరిది కూతురు, తొమ్మిదేళ్ళది, చెంప పట్టుకుని మెట్లు దిగింది. కంటికి బొటనవేలి వెడల్పు కింద మిరియపు గింజంత గాయం. అది ఏడవలేదు. దాని వెనక దిగిన మావాడు ఏడుస్తున్నాడు.

మర్నాడు డాబా ఊడుస్తుంటే ఆ గుండు దొరికింది, ఒక పక్క బిళ్ళలా నలిగిపోయి. దాన్ని ఖాళీ కుంకుమ భరిణెలో వేసి బీరువాలో దాచాను. సలహా అడగడానికి ఎవరొచ్చినా ముందు అది అరచేతిలో పెడతాను.

అందుకే నా మొదటి మాట: ఒప్పుకోండి. మీరు ఒప్పుకుంటే తుపాకీ మీ చేతిమీదుగా ఇంట్లోకొస్తుంది. లేదంటే మావయ్య చేతిమీదుగానో, స్నేహితుడి సంచిలోనో వస్తుంది. అప్పుడు అది ఎక్కడుందో, గొట్టంలో గుండుందో లేదో మీకు తెలియదు.

మా తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం ఉండి, గుండు శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. ఈ సంగతి తెలియగానే చాలామంది తండ్రుల గుండెల మీంచి బరువు దిగిపోతుంది. దిగనివ్వకండి. ఒలింపిక్స్‌లో వాడే రైఫిల్ గుండు బరువు అర గ్రాము. సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. దాని శక్తి ఏడెనిమిది జౌల్స్, అంటే చట్టం వదిలేసిన హద్దులో సగం కూడా లేదు. ఆ సగం లేనిదే కంటిని శాశ్వతంగా తీసేయగలదు. చట్టం లైసెన్సు అడగలేదు కాబట్టి ఆ అడగాల్సిన పని అమ్మానాన్నల మీద పడింది.

ఇక కొనే సంగతి. కొనండి కానీ పిల్లాడికి ఇవ్వకండి. పుట్టినరోజు కానుకగా అసలే వద్దు. రంగు కాగితం చుట్టి చేతిలో పెట్టిన వస్తువు వాడిదైపోతుంది. వాడిదైన వస్తువుని ఎప్పుడు తియ్యాలో, ఎవరికి చూపించాలో వాడే నిర్ణయించుకుంటాడు. మా ఇంట్లో రైఫిల్ నాది. రసీదు నా పేరు మీద ఉంది. తాళం చెవి నా మంగళసూత్రాల పిన్నీసుకి ఉంటుంది. గుండ్ల డబ్బా వేరే గదిలో, వేరే తాళంలో ఉంటుంది. వాడికిప్పుడు పదహారు. "నా రైఫిల్" అని వాడు నోరు జారితే "నా రైఫిల్, నువ్వు వాడుకుంటున్నావు" అని ఇప్పటికీ సరిదిద్దుతాను. కటువుగా ఉంటుందని తెలుసు. ఉండనీండి.

ముందు మీరు నేర్చుకోండి. ఇక్కడే అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. నలభై రెండేళ్ళ వయసులో చీర మీద బిగుసుకుపోయిన కాన్వాసు కోటు తొడుక్కుని షూటింగ్ క్లబ్బులో నిలబడ్డాను. పక్క వరసలో పదేళ్ళ పిల్లలు. మొదటి రోజు నాకు గుండు ఇవ్వలేదు, ఎలా నిలబడాలో చెప్పారు. ఎడమ మోచేయి నడుం ఎముక మీద ఆనించాలి, బరువు కండ మీద కాకుండా ఎముక మీద పడాలి. పోటీ రైఫిల్ అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చు. మన వంటింట్లో అయిదు లీటర్ల నూనె డబ్బా ఉంటుంది కదా, దాన్ని భుజానికెత్తుకుని ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డట్టు ఉంటుంది. మూడో నిమిషానికి నా మోకాళ్ళు వణికాయి. కొడుకు చూస్తున్నాడు. "అమ్మా, దించెయ్, పర్లేదు" అన్నాడు మెల్లగా. అమ్మకి కూడా చేతకానిది ఒకటుందని వాడికి ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి నా మాట వినడం మొదలుపెట్టాడు.

మూడు నెలలు గుండ్లు కొనకండి. రైఫిల్‌ని కూడా ఏడాది తర్వాతే కొనండి, అప్పటిదాకా క్లబ్బువాళ్ళదే చాలు. దిగుమతి చేసుకున్న పోటీ రైఫిల్ రెండు లక్షలు దాటుతుంది. పిల్లాడికి ఆసక్తి నిలుస్తుందో లేదో తేలకుండా అంత పొయ్యడం దేనికి? మూడు నెలలు ఎత్తడం, గురి చూడటం, ఊపిరి వదలడం, మీట నొక్కడం, దించడం. పోటీ రైఫిళ్ళలో గుండు లేకుండా ఉత్తినే నొక్కడానికి వేరే ఏర్పాటు ఉంటుంది. బజారులో దొరికే స్ప్రింగు తుపాకీని మాత్రం ఉత్తినే పేల్చకూడదు, లోపలి పిస్టన్ దెబ్బ తింటుంది. ఈ మూడు నెలల్లో సగం మంది పిల్లలు విసిగి మానేస్తారు. మానెయ్యనివ్వండి. వాళ్ళకి కావలసింది చప్పుడు. ఈ ఆటలో చప్పుడు చాలా చిన్న భాగం.

మిగిలిన పిల్లలకి అప్పుడు అసలు విషయం అర్థమవుతుంది. పది మీటర్ల దూరంలో కాగితం మీద పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, చెక్కిన పెన్సిల్ మొనంత. కొట్టే గుండు దానికంటే తొమ్మిదింతలు లావు. పోటీలో అరవై గుండ్లకి గంటంబావు ఇస్తారు. అంటే గుండుకి నిమిషం పైనే. ఆ నిమిషమంతా పిల్లాడు చేసే పని కదలకుండా ఉండటమే. ఫోన్ పక్కన పెట్టి అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోలేని పిల్లలు మన ఇళ్ళలో ఉన్నారు కదా. వాళ్ళకి నేను ఇంతకంటే మంచి మందు చూడలేదు.

ఇంట్లో మాత్రం గుండు పేలకూడదు. డాబా మీద వద్దు, పెరట్లో వద్దు, "ఒక్కసారికి" అసలే వద్దు. అభినవ్ బింద్రా ఇంట్లోనే కొట్టాడు కదా అని మా మరిది వాదించాడు. 2008లో బీజింగ్‌లో బంగారం తెచ్చిన మనిషికి ఇంటి ఆవరణలో అచ్చమైన షూటింగ్ రేంజి ఉంది. మనకున్నది పక్కింటావిడ బట్టలారేసుకునే పిట్టగోడ. రేంజిలో గొట్టం ఎప్పుడూ గురి వైపే చూస్తుంది. పేల్చని వేళ గొట్టం లోపలినుంచి రంగు తీగ ఒకటి దూర్చి ఉంచుతారు, లోపల గుండు లేదని దూరంనుంచి కూడా కనబడేట్టు. కళ్ళకి అద్దాలు పెట్టించండి. గుండ్లు సీసంతో చేసినవి. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగనిదే పిల్లాణ్ణి బిస్కెట్ ముట్టుకోనివ్వకండి.

పిట్టల గురించి నేను మెత్తగా చెప్పలేను. మా చిన్నప్పుడు ఉండేలుతో పికిలిపిట్టల్ని కొట్టిన మగాళ్ళే ఇప్పుడు తండ్రులు, నవ్వుతూ ఆ కథలు పిల్లలకి చెబుతుంటారు. చెప్పకండి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్‌ది రామచిలుక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని కొట్టడం జైలుకెళ్ళే నేరం. అరుణాచల్ ప్రదేశ్‌లో ఇంటింటా ఎయిర్‌గన్ ఉండి అడవులు మూగబోతుంటే, 2021 మార్చిలో తుపాకులు తెచ్చి అప్పగించే ఉద్యమం మొదలైంది. రెండు వేలకు పైగా ఇచ్చేశారు. వేట తరతరాల అలవాటైన చోట వాళ్ళు వదులుకోగలిగారు. మొక్కజొన్న చేలో కోతుల్ని తోలడానికి కూడా పిల్లాడి చేతికి ఇవ్వకండి. ప్రాణమున్న దానిమీద ఒక్కసారి గురిపెట్టిన పిల్లాడికి కాగితం చప్పగా ఉంటుంది.

మార్కులు తగ్గితే తుపాకీ లాక్కోకండి. ఇదీ నా తలతిక్క సలహాల్లో ఒకటని మావారు అంటారు. లెక్కల్లో ముప్ఫై వచ్చినందుకు రైఫిల్ బీరువాలోకి పోతే, అది బహుమతీ శిక్షా అయిపోతుంది, ప్రమాదమన్న సంగతి వెనక్కి పోతుంది. తీసేసుకోవలసిన తప్పు ఒక్కటే: గొట్టం మనిషి వైపు తిరగడం. ఖాళీదైనా, తమాషాకైనా సరే. మావాడు ఒకసారి తిప్పాడు, పెట్టెలో పెడుతూ, పరధ్యానంగా. ఆరు నెలలు తాళం తియ్యలేదు. ఆ ఆరు నెలల్లో జిల్లా పోటీలు వచ్చిపోయాయి. వాడు అన్నం మానేశాడు, నేనూ మానేశాను. తాళం మాత్రం తియ్యలేదు.

స్కోరు అడగకండి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో ఇదే పది మీటర్ల రైఫిల్‌లో కంచు పతకం తెచ్చాడు. పుట్టుకతో వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిర ఒలింపిక్స్‌లో బంగారం తెచ్చాడు. ఈ పేర్లు పిల్లాడు తనంతట తానే తెలుసుకుంటాడు. మీరు రోజూ చదివి వినిపిస్తే వాడి భుజం మీద నూనె డబ్బా రెండవుతుంది. ఇంటికొస్తుంటే నేను అడిగేది ఒకటే, ఈ రోజు ఎన్నిసార్లు దించావని. గురి చూసి, మనసు కుదరక, పేల్చకుండా దించెయ్యడం ఈ ఆటలో అన్నిటికంటే కష్టం. వేలు అప్పటికే మీట మీద ఉంటుంది, ఇంకొక్క క్షణం అనిపిస్తుంది.

మొన్న శనివారం రేంజిలో వాడి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎత్తాడు. చెంప ఆనించాడు. చొక్కా వీపు మీద చెమట మరక మెల్లగా పెద్దదవుతోంది. నేను లోపల ఇరవై దాకా లెక్కపెట్టాను. పేల్చలేదు, దించాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. నీళ్ళు తాగడానికి వెనక్కొచ్చినప్పుడు అడిగాను.

"ఎందుకురా నాన్నా, రెండుసార్లు?"

"ఊపిరి అయిపోయిందమ్మా" అన్నాడు, సీసా మూత తిప్పుతూ.