కొండలేని ఊళ్లో కొండవీరులు

విండ్సర్‌లో కొండ లేదు. కెనడా దక్షిణపు కొసన, డెట్రాయిట్ నదిని ఆనుకుని చపాతీ పీటలా చదునుగా పరుచుకున్న ఊరు. ఎత్తెక్కాలని మరీ ముచ్చటపడితే మాల్డెన్ పార్కులో ఒక గుట్ట ఉంది. అదీ ఒకప్పుడు చెత్త పోసిన చోట లేచిందే. మంచు పడ్డాక దాని మీంచి పిల్లలు జారుతుంటారు. మిగతా కాలమంతా అది మన తెలుగు కొండవీరుల సొత్తు.

శనివారం పొద్దున్నే వీపున సంచి, సంచిలో 20 పౌండ్ల సోనామసూరి బస్తా. ఇదేమిటండీ అంటే ‘లోడ్ ట్రెయినింగ్’ అంటారు. అదే బస్తాని ఇండియన్ స్టోర్ నుంచి కారు డిక్కీ దాకా తెమ్మంటే మాత్రం నడుం పట్టేస్తుంది. బరువు పెంచే శాస్త్రంతో పాటు తగ్గించే శాస్త్రం కూడా వీళ్ల దగ్గరుంది. గ్రాములు కలిసొస్తాయని టూత్‌బ్రష్ పిడి సగానికి కోస్తారు. కోసిన బ్రష్ పక్కనే ఆవకాయ సీసా సర్దుతారు. సీసా గాజుదే, ప్లాస్టిక్‌లో రుచి మారుతుందట.

ఇంత తయారయ్యాక దండయాత్ర ఎక్కడికి? మూడు గంటలు కారు నడిపి హామిల్టన్‌కి. అక్కడి జనం నయాగరా ఎస్కార్ప్‌మెంట్‌ని ముద్దుగా కొండ అనుకుంటారు. ఊరి మీద అది లేచింది సుమారు 100 మీటర్లు. దాని వెంట సాగే బ్రూస్ ట్రెయిల్ మాత్రం నిజంగా గొప్పది. 1967లో తెరిచారు, క్వీన్‌స్టన్ నుంచి టోబర్‌మోరీ దాకా దాదాపు 900 కిలోమీటర్లు. స్వచ్ఛంద కార్యకర్తలు చెట్లకు తెల్లగీతలు వేసి దారి చూపిస్తారు. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తే ముందు మలుపు ఉందని అర్థం. మనవాళ్లు ఆ మలుపు దాటిపోతారు, చూపంతా చేతి గడియారం మీదే కదా! డండాస్ పీక్ దగ్గర మాత్రం ఎవరూ దారి తప్పరు. ఫొటో అక్కడే బాగా వస్తుంది. సాయంత్రానికి వాట్సాప్‌లో ‘శిఖరాన్ని జయించాం’.

పాపం, శిఖరానికి తెలుసో లేదో.

ఈ బృందంలో ఒకాయనగారి అమ్మ విజిటర్ వీసా మీద వచ్చారు. ‘నేనూ వస్తాను నాయనా’ అంటే, ‘అమ్మా, నీకు గ్రిప్పున్న బూట్లు లేవు, అనుభవం లేదు’ అని పార్కింగ్‌లో మనవడికి కాపలా కూర్చోబెట్టారు. అనుభవం లేని ఆ మహాతల్లి అలిపిరిలో మెట్లపూజ చేసినావిడ. 3,550 మెట్లు, ఒక్కో మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మళ్లీ లేచి ఎక్కడం. ఏ గడియారమూ లెక్కపెట్టలేదు గనక అది వ్యాయామం కింద రాదు, భక్తి పద్దులో పోయింది. ఉగాదికి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల దాటి శ్రీశైలం చేరే కన్నడ భక్తుల నడక కూడా ఆ పద్దులోదే. కొందరికి చెప్పులు కూడా ఉండవు. స్పాన్సర్ల సంగతి సరేసరి.

బూట్లంటే గుర్తొచ్చింది. ఈరీ సరస్సుకు అవతలి ఒడ్డున ఒహాయో. అక్కడి ఎమ్మా గేట్‌వుడ్ 1955లో, 67 ఏళ్ల వయసులో, అపలాచియన్ ట్రెయిల్ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒంటరిగా నడిచింది. 3,300 కిలోమీటర్లు దాటిన దారి. పదకొండుమంది బిడ్డల తల్లి. కాళ్లకు మామూలు గుడ్డ బూట్లు, భుజాన తను కుట్టుకున్న సంచి, వానకు స్నానాలగది కర్టెన్. మా బృందం ఎదురుపడి ఉంటే ఆవిణ్ణీ పార్కింగ్‌లోనే కూర్చోబెట్టేది.

దూరప్రయాణం ఘనత ఎవరి ఖాతాలో పడుతుందన్నది మనకు పాత తగాదాయే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిలో శ్రీశైలం కూడా చూసి, ముచ్చటైన పుస్తకం రాశారు. ఆయన ఎక్కింది పల్లకి. మోసిన బోయీలలో ఒక్కరి పేరైనా మనలో ఎవరికి గుర్తుంది? ఆయన పుణ్యానికి వెళ్లారు, జయించానని గొప్పలు చెప్పలేదు, కాబట్టి వదిలేద్దాం. మరి డండాస్ వీరులు దిగొచ్చి, కారు డిక్కీ మీద పరుచుకుని తిన్న పులిహోర ఎవరిది? తెల్లవారుజామున నాలుగింటికి లేచి పదిహేనుమందికి కలిపిన ఆ చేతులు ఫొటోలో లేవు. ఫొటో తీసింది ఆవిడే.