టామీని సాగనంపే పద్ధతి

ముందుగా, తొందరపడకండి. టామీకి పదమూడేళ్లు నిండాయి, వెనక కాళ్లు పడిపోయాయి, క్రియాటినిన్ రిపోర్టు చూసి డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అయితే ఏం? నిన్న సాయంత్రం తోక ఊపాడు కదా! తోక ఊపినంత కాలం నొప్పి లేనట్టే లెక్క. కుక్క నొప్పిని దాచుకుంటుందనీ, పైకి మూలిగేసరికి చాలా ముదిరిపోయి ఉంటుందనీ డాక్టర్లు అంటారు. వాళ్లకేం, అంటారు.

అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు 2004లో ఇలాంటి కుక్కల కోసం ఒక మార్కుల పట్టిక తయారుచేశారు. నొప్పి, తిండి, ఒంట్లో నీరు, శుభ్రత, హుషారు, నడక, మంచిరోజులు ఎక్కువా చెడ్డరోజులు ఎక్కువా అన్న లెక్క. మొత్తం ఏడు, ఒక్కోదానికి పది మార్కులు. 35 దాటితే ఇంకా బతుకు బాగానే సాగుతున్నట్టు. పట్టిక తప్పకుండా వేయండి, కానీ మార్కులు మాత్రం ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చే మనిషి చేత వేయించండి. సొంత పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకున్నట్టే, ఎవరూ తప్పరు. అప్పటికీ 19 వస్తే మోడరేషన్ కలపండి.

ఇక ముహూర్తం. అందరికీ సెలవు కాబట్టి ఆదివారం. ఆ ఆదివారం అమావాస్య. పై ఆదివారం పెద్దమ్మగారి గృహప్రవేశం, అశుభం మాట ఎత్తకూడదు. ఆ తర్వాత మీ తమ్ముడు డాలస్ నుంచి వస్తున్నాడు, వాడు ఒక్కసారి చూడొద్దూ? ఒక్క నెల ఆగలేడా టామీ? ఈలోగా నొప్పికి మీ మందుల డబ్బాలోంచి ఐబుప్రోఫెన్ ఇస్తూ ఉండండి. మనకు తలనొప్పి తగ్గించే ఆ బిళ్ల కుక్క కడుపులో పుళ్లు పడేస్తుంది, మిగిలిన కాస్త కిడ్నీనీ తినేస్తుంది. ముహూర్తం దానంతటదే దగ్గరపడుతుంది.

అందరి సలహా తీసుకోండి, ముఖ్యంగా బావగారిది. ఆయన ధర్మరాజు కథ ఎత్తుకుంటారు. స్వర్గం గుమ్మం దాకా వెళ్లి కూడా కుక్కను వదలనన్నాడయ్యా ఆ మహానుభావుడు, నువ్వు సూదిమందు అంటున్నావా, అంటారు. ఆ కుక్క తన కాళ్ల మీద తానే అంతదూరం నడిచిందన్న సంగతి ఆయనకు గుర్తుచేయకండి. టామీ గిన్నెలో ఆయన ఏనాడైనా నీళ్లు పోశారా అని అసలే అడక్కండి.

చివరి భోజనం ఘనంగా ఉండాలి. మటన్ బిర్యానీ, కారం తగ్గించొద్దు. ముందుగా ఇచ్చే మత్తు ఇంజెక్షన్లలో జైలజీన్ లాంటివి కుక్కకు వాంతి తెప్పిస్తాయి కాబట్టి ఆ బిర్యానీ మీ ఒళ్లోకే తిరిగొస్తుంది. తనంతట తాను నాకితే రెండు చెంచాల పెరుగన్నం చాలంటారు డాక్టరుగారు. పెరుగన్నం వాట్సాప్ స్టేటస్‌లో ఏం బాగుంటుంది?

ఇంటికొచ్చి చేసే డాక్టర్లు ఉన్నారేమో కనుక్కోకండి. టామీకి తెలిసిన గదిలో, వాడి బొంత మీద, వాడి వాసనల మధ్య జరిగితే అందులో కష్టం ఏముంది? ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి, అరిచే కుక్కల వరసలో కూర్చోబెట్టండి. నయంకాని జబ్బున్న వీధికుక్కకైనా సరే, ఈ పని ఇంకో కుక్క ఎదుట చేయకూడదని 2001 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి. మనది వీధికుక్క కాదు కదా, మనకెందుకు?

అన్నిటికన్నా ముఖ్యమైనది: లోపలికి మీరు వెళ్లకండి. గొలుసు అటెండరు చేతికిచ్చి, నేను చూడలేను బాబూ అని ఆటోలో కూర్చోండి. టామీ మత్తెక్కే దాకా తలుపువైపే చూస్తాడు, చూడనివ్వండి. పదమూడేళ్లు ఇంటి తలుపులోంచి మీరే వచ్చారు, ఒక్కపూట రాకపోతే ఏం?

వెళ్లక తప్పకపోతే డాక్టరుగారిని ముందుగా ఏమీ అడగకండి. అడిగితే అంతా చెప్పేస్తారు. మొదట మత్తు, తర్వాత ముందుకాలి నరానికి సూది, అందులోంచి పెంటోబార్బిటాల్ లాంటి మందు మోతాదుకు మించి. క్షణాల్లో స్పృహ పోతుంది, ఆ తర్వాతే ఊపిరీ, గుండే ఆగుతాయి. కళ్లు మూతపడవు. మూత్రం పోవచ్చు. గుండె ఆగాక కూడా ఒకటి రెండుసార్లు ఎగశ్వాస వచ్చినట్టు ఉండొచ్చు, అది బాధ కాదు. ఇవేవీ తెలియకుండా వెళితేనే సరైన సమయానికి "బతికే ఉన్నాడు, ఆపండి!" అని కేక పెట్టగలుగుతారు. అప్పటిదాకా కూడా, రోజూ "ఒరేయ్ టామీ, దా" అని పిలిచే గొంతు మాత్రం తీయకండి. బావురుమనండి. చెవి వెనక గోకమని వాడు తల మీ చేతికి ఆనిస్తే, ఆ చెయ్యి ఫోన్ పట్టుకుని ఉండాలి.

తర్వాతి పని చిన్నదే. ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది కానీ ఎవరు పోతారు అంతదూరం? చెరువుగట్టున పడేయండి. ఆ మందు కళేబరంలో అలాగే ఉంటుంది, పీక్కుతిన్న గద్దలకూ, వీధికుక్కలకూ ఎక్కుతుంది.

ఇక మీ ఏడేళ్ల పాప. టామీ శామీర్‌పేట ఫామ్‌హౌస్‌కి వెళ్లాడని చెప్పండి. ఈ ఆదివారం మనమూ వెళ్దామంటుంది. రోడ్డు తవ్వేశారనండి. అక్కడ వాడికి మందు ఎవరు వేస్తున్నారు, మంచం కిందికి దూరితే ఎవరు లాగుతున్నారు అంటుంది. వాచ్‌మన్ అనండి. అయితే వాచ్‌మన్ అంకుల్‌కి ఫోన్ చెయ్యి, నేను టామీతో మాట్లాడాలి అంటుంది.

బావగారి నంబరు ఇవ్వండి.