ఒంటి తాడి కల్లుకుండను

మట్టిదాన్ని నేను. కుమ్మరి సారె మీద తిరిగి, ఆవంలో కాలి, మెడకు తాడు కట్టించుకుని పాలకొల్లు పక్క పల్లెలో ఒక పోతుతాడి చెట్టెక్కాను. ఆ చెట్టు వరిచేల గట్టు మీద ఒంటరిగా ఉంటుంది. పైనుంచి చూస్తే క్షీరారామలింగేశ్వరుడి గోపురం కనిపిస్తుంది. తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు. అంత ఎత్తు గోపురాన్ని పక్కచూపుతో చూడగలిగిన కుండలు ఎన్నుంటాయి చెప్పండి!

సంక్రాంతి వెళ్ళాక నా పని మొదలు. గీసేవాడు నడుముకు మోకు వేసుకుని పొద్దునా సాయంత్రం ఎక్కుతాడు. ముందు కొన్నాళ్ళు పోతుగెలల్ని చెక్క పటకారుతో నొక్కి నొక్కి మెత్తబరుస్తాడు. ఆ తర్వాతే కత్తి. కొసను ఉల్లిపొరంత పలచగా చెక్కుతాడు. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది, చెక్కడం మానేస్తే రసం ఎండిపోతుంది. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళయినా ఆ కత్తికి సెలవు లేదు.

గెల నుంచి నాలోకి కారేది కల్లు కాదండీ, వట్టి తీపినీళ్ళు. నూటికి పది పన్నెండు పాళ్ళ చక్కెర ఉంటుంది. దాన్ని కల్లు చేసేది నేనే. నా మట్టి రంధ్రాల్లో నిన్నటి ఈస్టు దాక్కుని ఉంటుంది. రసం తగిలీ తగలగానే అది లేచి చక్కెరను తినేసి మద్యసారాన్నీ బొగ్గుపులుసు గాలినీ వదులుతుంది. నురగ నా మెడ దాకా పొంగుతుంది. లోపల సున్నం పూసి కడితే మాత్రం నేను ఏమీ చేయలేను. ఈస్టు నోరు మూసుకుంటుంది, రసం తీపిగా ఉండిపోతుంది. దాన్నే నీరా అంటారు. ఆరోగ్యానికి మంచిదంటారు, కాదనను. కానీ సున్నం పూసిన రోజు నేను వట్టి పాత్రనే.

చెట్టు కిందకి రోజూ ఒక పెద్దాయన వస్తాడు. నన్ను దించగానే ముందు చెవి దగ్గర పెట్టుకుంటాడు. నురగ చిటచిటలాడుతుందా లేదా వింటాడు. తర్వాత పైన తేలిన చీమల్నీ తేనెటీగల్నీ ఊదేసి, పీచుతో వడగట్టి, తాటాకు దొప్పలో పోయించుకుంటాడు. వెంటనే తాగడు. వాసన చూస్తాడు. ఒక గుక్క నాలుక మీద కాసేపు నిలుపుతాడు. నాకు బదులు వేరే కుండలోది పోసిన రోజైతే, “ఇది గట్టు మీదది కాదు, కాలవ పక్క చెట్టుది. కుండ మార్చావా ఏంట్రా?” అంటాడు. గీసేవాడు నవ్వి, “మార్చాను బాబాయ్” అని ఒప్పుకుంటాడు. తెల్లారగట్ల దించిన కల్లు తియ్యగా ఉండి నాలుకను చురుక్కుమనిపిస్తుంది. ఎండెక్కాక పులుపు పైకొస్తుంది, సాయంత్రానికి ఘాటు. మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది.

ఓసారి ఆయన మనవడు, పైదేశంలో ఉద్యోగం చేసేవాడు, పక్కన కూర్చుని షాంపేన్ కథ ఎత్తుకున్నాడు. ఫ్రాన్సులో మామూలుగా చాలా తోటల ద్రాక్షసారాను కలుపుతారట. కానీ ఫిలిపొనా వాళ్ళు 1935 పంట నుంచి క్లో దె గ్వాస్ అనే ఒక్క ఏటవాలు తోట పళ్ళతోనే ఒక రకం చేస్తున్నారట. క్రుగ్ వాళ్ళకు క్లో దు మెనిల్ అని గోడ కట్టిన తోట ఉందట, 1.84 హెక్టార్లు, దాని మొదటి పంట 1979ది. సీసాలోనే రెండోసారి పులియబెడతారట, లోపలి ఒత్తిడి బయటి గాలికి అయిదారు రెట్లు ఉంటుందట.

“అంటే ఆ గోడ కట్టిన తోట నాలుగున్నర ఎకరాలు. మనది ఒక్క చెట్టేరా అబ్బాయ్” అన్నాడు తాత.

నాకు భలే గర్వమేసింది. వాళ్ళు గాలిని బిరడా బిగించి ఏళ్ళ తరబడి దాస్తారు. నా నోటికి బిరడా లేదు, పూటలోనే పోతుంది. అందుకే నా రుచి ఊరు దాటదు. కావలసినవాడు చెట్టు దగ్గరికి రావాల్సిందే.

ఈ నురగను తక్కువగా చూడకండి. మద్యనిషేధం వల్ల గీత కార్మికుల బతుకు పోతోందని గౌతు లచ్చన్న 1954లో సత్యాగ్రహం నడిపారు. నిషేధం తీసేయమన్న రామమూర్తి కమిటీ మాట వినని ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ నవంబరులో ఒక్క ఓటుతో పడిపోయింది.

ఇప్పుడు నన్ను బాధపెట్టేది నిషేధం కాదు, డ్రమ్ము. పది చెట్ల కల్లు ఒకే ప్లాస్టిక్ డ్రమ్ములో గుమ్మరిస్తున్నారు. పులుపు కప్పడానికి శాకరిన్, చాలకపోతే నీళ్ళు. తెలంగాణలోనైతే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ కలిపారన్న కేసులు మళ్ళీ మళ్ళీ బయటపడుతున్నాయి. అది తాగేవాడు చెట్టునూ తాగడు, కుండనూ తాగడు, మందు బిళ్ళను తాగుతాడు.

చేపల చెరువులు తవ్వినప్పుడు మా గట్టు చెట్లు కొన్ని పోయాయి. గీసేవాడి కొడుకు చెట్టెక్కనంటున్నాడు. మోకు తెగితే ఏమవుతుందో తెలిసినవాడు, వాణ్ణి తప్పు పట్టను. ఎక్కేవాడు ఉన్నన్నాళ్ళూ మాత్రం, మా వైపు వచ్చి కల్లు అడిగేవాళ్ళు ధర కంటే ముందు ఏ చెట్టుది, ఎప్పుడు దించావని అడగండి. చెప్పలేకపోతే తాగకండి.